ట్యూబ్ బేస్ ఆంప్‌కి ఎన్ని ఓమ్‌ల క్యాబినెట్ తగిలించాలి?

అందరికీ నమస్కారం.

ఇక్కడ బేస్ గిటార్ వాయించేవాళ్ళున్నారు, స్టేజీలకు సౌండ్ పెట్టేవాళ్ళున్నారు, ఆంప్‌లు రిపేరు చేసేవాళ్ళున్నారు. మనలో చాలామందికి చెయ్యి తిరిగింది ట్రాన్సిస్టర్ ఆంప్‌ల మీదే. 'ఓమ్‌లు తగ్గకుండా చూసుకో, ఎక్కువైతే ఫర్వాలేదు, స్పీకర్ ఊడినా ఆంప్‌కి ఏమీ కాదు' అన్న లెక్క ఆ చేతికి అలవాటైపోయింది. (ఓమ్‌లంటే కరెంటుకి స్పీకర్ చూపే అడ్డు.) ట్రాన్సిస్టర్ ఆంప్‌కి అది సరైన లెక్కే. 300 వాట్ల ట్యూబ్ ఆంప్ దగ్గర అదే లెక్క నడిపిస్తే మాత్రం ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కే ముప్పు. ఆంప్‌లో అన్నిటికంటే ఖరీదైనవాటిలో, దొరకడం కష్టమైనవాటిలో అదొకటి.

ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అనే బేస్ ఆంప్‌నే తీసుకుందాం. 1969లో అమెరికాలో వచ్చింది. 300 వాట్లు, 14 ట్యూబులు. అందులో ఆరు పవర్ ట్యూబులు: మొదట్లో 6146బి, తర్వాత 6550. వాటి ప్లేట్ల (ట్యూబులో కరెంటు చేరే లోహపు రేకుల) మీద 700 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. వెనక ఉన్న స్విచ్‌కి రెండే స్థానాలు, 2 ఓమ్‌లు, 4 ఓమ్‌లు. ఎందుకంటే, ఆ రోజుల్లో పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న పెట్టె (క్యాబినెట్) కూడా ఈ ఆంప్ పవర్‌ని ఒంటరిగా తట్టుకోలేదు. కాబట్టి ఒక హెడ్‌కి (స్పీకర్లు లేని ఆంప్‌కి) రెండు పెట్టెలు పెట్టారు. ఒక్కో పెట్టెలో 32 ఓమ్‌ల స్పీకర్లు ఎనిమిది, అన్నీ ప్యారలల్, అంటే పక్కపక్కనే కలిపినవి. 32ని 8తో భాగిస్తే 4. అలాంటి పెట్టెలు రెండు కలిస్తే 2. ఈరోజు ఒక్క పెట్టెతో పని జరిగిపోతోంది కాబట్టి స్విచ్ 4 మీద ఉండాలి. అది పాత అలవాటుగా 2 మీదే ఉండిపోవడం ఈ ఆంప్‌ల దగ్గర కనిపించే మొదటి తప్పు.

అలా ఉంటే ఏమవుతుంది? 4 ఓమ్‌ల మీద 300 వాట్లంటే దాదాపు 35 వోల్టులు, 8.7 ఆంపియర్లు. 2 ఓమ్‌ల మీద అయితే 24.5 వోల్టులు, 12 ఆంపియర్ల పైన. ట్యూబులేమో వందల వోల్టుల్లో, ఆంపియరులో కొంత భాగంతో పనిచేస్తాయి. ఈ రెంటికీ మధ్యవర్తి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. దానికంటూ సొంతంగా ఓమ్‌లు ఉండవు, చుట్ల నిష్పత్తి మాత్రమే ఉంటుంది. సెకండరీ (స్పీకర్) వైపు మీరు ఏది తగిలిస్తే దాన్ని ఆ నిష్పత్తి వర్గంతో హెచ్చించి ట్యూబులకు చూపిస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి, 4 ఓమ్‌ల ట్యాప్‌కి (స్విచ్ 4 మీద పెడితే కలిసే ట్రాన్స్‌ఫార్మర్ చివరకి) 4 ఓమ్‌ల పెట్టె పెడితే ట్యూబులకు 2000 ఓమ్‌లు కనిపిస్తాయనుకోండి. అదే ట్యాప్‌కి 8 ఓమ్‌ల పెట్టె పెడితే 4000 కనిపిస్తాయి, 2 ఓమ్‌లది పెడితే 1000.

తక్కువ ఓమ్‌లు తగిలిస్తే కరెంటు పెరుగుతుంది, ప్లేట్లు వేడెక్కుతాయి, పవర్ తగ్గుతుంది, ట్యూబులు త్వరగా అరుగుతాయి. పోయేది ముందు ట్యూబులే, వాటిని మార్చుకోవచ్చు. ఎక్కువ ఓమ్‌లు తగిలిస్తే (స్విచ్ 2 మీద ఉండగా 4 ఓమ్‌ల పెట్టె పెట్టడమూ ఇదే) ప్లేట్ వోల్టేజీ ఊగిసలాట పెరుగుతుంది. కిందికి దిగినప్పుడు ప్లేట్ వోల్టేజీ స్క్రీన్ గ్రిడ్ (ప్లేట్‌కి ముందుండే తీగ చుట్టు) వోల్టేజీ కంటే బాగా పడిపోయి, ప్లేట్‌కి చేరాల్సిన కరెంటు సన్నటి స్క్రీన్ తీగ మీద పడుతుంది. ఆ తీగ ఎర్రబడి కాలుతుంది. పైకి ఎగిరినప్పుడు ఆ వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్‌కీ ట్యూబు సాకెట్లకీ పరీక్ష పెడుతుంది. ఇక అసలు లోడే (తగిలించిన స్పీకరే) లేకుండా గట్టిగా వాయిస్తే, ట్రాన్స్‌ఫార్మర్‌లో చేరిన శక్తికి బయటికి దారి ఉండదు. వోల్టేజీ వేలల్లోకి ఎగిరి సాకెట్ పిన్నుల మధ్య నిప్పురవ్వ దూకుతుంది. దూకిన చోట నల్లటి బొగ్గు గీత మిగులుతుంది, మరుసటిసారి నుంచి కరెంటుకి అదే బాట. అది సాకెట్ దగ్గర కాక చుట్ల లోపల జరిగితే, ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ చుట్టించాల్సిందే.

అందుకని ఒక మెట్టు తేడా తప్పనిసరైతే, తక్కువ వైపు వెళ్ళడమే నయం: 4 మీద స్విచ్ పెట్టి 2 ఓమ్‌లు తగిలించడం, 4 మీద స్విచ్ పెట్టి 8 తగిలించడం కంటే మేలు. రెండూ తాత్కాలికమే, రెండిట్లోనూ వాల్యూమ్ తగ్గించే వాయించాలి.

మనకు నిత్యం ఎదురయ్యేది ఈ 8 ఓమ్‌ల చిక్కే. అద్దెకి దొరికే పది అంగుళాల నాలుగు స్పీకర్ల పెట్టెలు చాలావరకు 8 ఓమ్‌లవి. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి అలాంటిది ఒక్కటి పెట్టుకుని హాయిగా వాయించుకోవచ్చు. ఎస్‌వీటీకి ఒక్కటి పెడితే తప్పు, రెండు పెడితే సరిగ్గా 4. కాబట్టి ఆర్డరు ఇచ్చేటప్పుడు 'ఒక క్యాబినెట్' అని కాక 'మొత్తం 4 ఓమ్‌లు' అని రాయండి. 4 ఓమ్‌ల పెట్టెతో 8 ఓమ్‌ల పెట్టె కలిపితే 2.67 వస్తుంది. అప్పుడు 300 వాట్లలో 200 మొదటిదానికి, 100 రెండోదానికి వెళ్తాయి. రెండూ 8 ఓమ్‌లవే అయితే చెరో 150. కానీ వాటిలో ఒకటి పదిహేను అంగుళాల ఒకే స్పీకర్ పెట్టె అయితే ఆ 150 మొత్తం దాని ఒక్కదాని మీదే పడుతుంది, పక్క పెట్టెలో పది అంగుళాల స్పీకరుకి పడేది 37.5. చిరిగేది పదిహేనే. పైగా ట్యూబ్ ఆంప్‌ని పగిలే స్వరం దాకా తోస్తే 300 దాటి చాలా పైకి పోతుంది. ఒక్క పెట్టెతో వాయించేవాళ్ళు కనీసం 600 వాట్లు తట్టుకునేది చూసుకోండి.

రికార్డింగుల్లో జరిగే తప్పు ఇంకొకటుంది. డీఐ లైన్ (ఆంప్ నుంచి సిగ్నల్‌ని నేరుగా తీసుకెళ్ళే తీగ) మిక్సర్‌కి ఇచ్చేశాం కదా అని క్యాబినెట్ తీసేస్తారు. డీఐ లోడ్ కాదు. పెట్టె వద్దనుకుంటే దాని స్థానంలో 4 ఓమ్‌ల డమ్మీ లోడ్ (స్పీకర్‌కి బదులు పవర్‌ని వేడిగా మింగే నిరోధం) ఉండాలి, అదీ 600 వాట్లు తట్టుకునేది.

పెట్టె మీద రాసి ఉన్న అంకెని నమ్మకండి, కొలవండి. మల్టీమీటర్‌ని 200 ఓమ్‌ల రేంజిలో పెట్టి ముందు రెండు ప్రోబులూ తాకించండి. 0.3 చూపిస్తే అది వైర్లది, తీసేయాలి. స్పీకర్ కేబుల్‌ని పెట్టెకి మాత్రమే గుచ్చి, రెండో చివర కొలవండి. ఆ చివర ఆంప్‌కి తగిలి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు అడ్డొచ్చి దాదాపు సున్నా చూపిస్తుంది. మీటరు కొలిచేది డీసీ నిరోధం, కాబట్టి 8 ఓమ్‌ల పెట్టె 5.5 నుంచి 7 దాకా, 4 ఓమ్‌లది 3 చుట్టుపక్కల చూపిస్తే మామూలే. 8 ఓమ్‌ల స్పీకర్లు నాలుగింటిని సిరీస్-ప్యారలల్‌గా, అంటే రెండేసి ఒకదాని వెనక ఒకటి పెట్టి ఆ జతలని ప్యారలల్‌గా కలిపిన పెట్టెలో ఒక స్పీకర్ కాయిల్ తెగితే పెట్టె 16 అవుతుంది, కొలతలో ఇట్టే తెలుస్తుంది. ఎనిమిది స్పీకర్ల పెట్టెలో ఒకటి పోతే 4 కాస్తా 4.57 అవుతుంది, మీటరుకి అంతగా దొరకదు. 1.5 వోల్టుల బ్యాటరీని కేబుల్ చివర ఒక్క క్షణం తాకించి, ఎనిమిది కోన్‌లూ (స్పీకర్ల ముందు గరాటు భాగాలు) ఒకేసారి ఒకే వైపుకి కదిలాయో లేదో చూడండి. కదలనిది తెగింది. మిగతావాటికి ఎదురు వైపు పోయింది తిరగేసి బిగించింది.

మీటరు పెట్టే ఉంచి కేబుల్ ప్లగ్గుని వేలితో అటూ ఇటూ ఊపండి. అంకె ఎగిరితే ఆ జాక్ స్టేజి మీద లోడ్ తెంపబోతోందని అర్థం. నట్టు బిగించండి, లోపలి కాంటాక్టు వంచి సరిచెయ్యండి. తిప్పితే లాక్ అయ్యే స్పీకాన్ సాకెట్ ఉంటే దాన్నే వాడండి. కేబుల్ కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రెండు తీగలది కావాలి. గిటార్ కేబుల్‌కీ అదే ప్లగ్గు ఉంటుంది కాబట్టి పొరపాటు తేలిక. దాని మధ్య తీగ 0.2 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే అనుకుంటే, రెండు మీటర్లకి 0.17 ఓమ్‌లు. 12 ఆంపియర్లు పారితే 25 వాట్లు ఆ సన్నతీగలోనే వేడిగా పోతాయి. ప్లాస్టిక్ మెత్తబడి షార్ట్ అవుతుంది, లేదా తెగి లోడ్ పోతుంది.

వరుస ఇలా పెట్టుకోండి. మెయిన్ స్విచ్ ఆఫ్‌లో ఉండగా కేబుల్ గుచ్చండి, ఓమ్‌ల స్విచ్ చూడండి, గెయిన్, వాల్యూమ్ సున్నాకి దించండి. మెయిన్ వేసి స్టాండ్‌బైలో (ట్యూబులు వేడెక్కుతాయి, సౌండ్ రాదు) ఒక నిమిషం ఆగండి, తర్వాత స్టాండ్‌బై తియ్యండి. ఓమ్‌ల స్విచ్‌ని వాయిస్తుండగా తిప్పకండి, మధ్యలో అది కూడా ఒక క్షణం లోడ్ తెంపగలదు. సౌండ్ హఠాత్తుగా ఆగితే వాల్యూమ్ పెంచి చూడకండి. ముందు గిటార్ తీగల మీంచి చెయ్యి తియ్యండి, స్టాండ్‌బైకి వెయ్యండి, ఆ తర్వాతే ప్లగ్గు వైపు వెళ్ళండి. ఆంప్ పెట్టె మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచే ఉంటాయి. డిశ్చార్జి చేసి, మీటరుతో చూసి నిర్ధారించుకోగల రిపేరు మనిషే దాన్ని తెరవాలి.