అల్టిమేట్ ఏలియన్ నా చేతిలో ఉంటేనా! | బెన్ టెన్ తర్వాతి సీజన్లు కాస్త చీకటిగా

నమస్తే అండి, అందరూ ఎలా ఉన్నారు? అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఒక మాట. ఈ వీడియోకి నాకెవరూ డబ్బులివ్వలేదు, కానీ ఒక వస్తువు మాత్రం ఫ్రీగా వచ్చింది. ఒక బొమ్మల కంపెనీ వాళ్ళు, బెన్ టెన్ కార్టూన్‌లో బెన్ అనే కుర్రాడు ఏలియన్లుగా మారడానికి చేతికి పెట్టుకునే అల్టిమేట్రిక్స్ వాచ్ బొమ్మని పంపి, "మీకేమనిపిస్తే అది చెప్పండి" అన్నారు. సరే, చెప్తా. వాచ్ సైజెంత, ఏ బ్యాటరీలు, ఎన్ని శబ్దాలొస్తాయి, ఇవన్నీ ఈపాటికి వేరే ఛానెళ్ళలో చూసేసుంటారు. వాటి జోలికి నేను పోను.

ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. డయల్ టకటకా బానే తిరుగుతోంది. నొక్కితే పచ్చ లైటు వెలుగుతుంది. ఈ పక్కనున్న మీట లాగితే బిళ్ళ చుట్టూ నాలుగు ముళ్ళు బయటికి రావాలి. లాగుతున్నా... మూడొచ్చాయి. నాలుగోది గోరు పెట్టి పీకాలి. మళ్ళీ లోపలికి పంపాలంటే బొటనవేలితో గట్టిగా అదమాలి. ఇది పిల్లల బొమ్మ అండీ! సరే, బొమ్మ సంగతి ఇంతే. ఈ ముళ్ళు మాత్రం నన్ను పాత ఎపిసోడ్లన్నీ మళ్ళీ పెట్టుకుని చూసేలా చేశాయి. చూసినకొద్దీ నాకు కోపం వచ్చింది.

ఎందుకో చెప్తా. బెన్ టెన్ మూడో సిరీస్ 'అల్టిమేట్ ఏలియన్'లో ఈ ముళ్ళు ఎప్పుడొస్తాయి? బెన్ ఒక ఏలియన్‌గా మారాక, ఛాతీ మీదున్న బిళ్ళని ఇంకోసారి కొడితే ముళ్ళు పొడుచుకొచ్చి ఆ ఏలియన్ అల్టిమేట్ అవుతాడు. హ్యుమంగసార్ అల్టిమేట్ హ్యుమంగసార్ అవుతాడు, స్వాంప్‌ఫైర్ మంట నీలంగా మారుతుంది. చిన్నప్పుడు మనందరం ఈలలేసిన సీన్లే. అసలు ఆ వాచ్ ఆ మార్పు ఎలా తెస్తుందో గుర్తుందా? షోలోనే చెప్పారు. ఆ జీవి డీఎన్ఏ తీసుకుని, దాని జాతి మొత్తాన్నీ అత్యంత ఘోరమైన పరిస్థితుల్లో పడేసి, పది లక్షల ఏళ్ళ పరిణామాన్ని లోపల సిమ్యులేట్ చేస్తుంది. ఆ నరకంలో మిగిలినవాడు ఎలా ఉంటాడో ఆ రూపం బెన్‌కి ఇస్తుంది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పది లక్షల ఏళ్ళ యుద్ధం! దాన్ని ఒక పదహారేళ్ళ కుర్రాడు ఫైటింగ్ మధ్యలో బటన్ కొట్టి వాడేసుకుంటున్నాడు.

హ్యుమంగసార్‌నే చూడండి. మామూలుగా పెద్ద డైనోసార్ లాంటి శరీరం, పిడికిలితో కొడతాడు, అంతే. అల్టిమేట్ అయితే? చేతులే తుపాకీ గొట్టాలైపోతాయి. వేళ్ళుండాల్సిన చోట్నుంచి క్షిపణులొస్తాయి. ఒక జాతికి చేతులు పోయి తుపాకులు మొలవాలంటే మధ్యలో ఎన్ని తరాలు కొట్టుకుని చచ్చుండాలి? ఆ డిజైన్ గీసినవాళ్ళకి ఇది తెలిసే గీశారో, చూడ్డానికి బావుంటుందని గీశారో గానీ, నాకు మాత్రం ఇప్పుడా సీన్ చూస్తే ఒళ్ళు జలదరిస్తోంది.

ఇంతకంటే నన్ను పట్టి కుదిపేసింది ఎకో ఎకో. ఆ బుల్లి తెల్ల ఏలియన్ శక్తే తనలాంటివాళ్ళని ఎంతమందినైనా పుట్టించడం కదా. ఒకడు ఇద్దరవుతాడు, ఇద్దరు పదిమందవుతారు, అందరూ కలిసి అరుస్తారు. వాడు ఎప్పుడూ ఒంటరి కాదు. అల్టిమేట్ ఎకో ఎకో? ఒక్కడే. పొడుగ్గా, నీలంగా, మౌనంగా గాల్లో నిలబడి ఉంటాడు. ఒంటినుంచి ఊడొచ్చే గుండ్రటి బిళ్ళలు ఎన్నైనా అవుతాయి, వాడు మాత్రం రెండో వాడు కాడు. అంటే ఆ పది లక్షల ఏళ్ళలో తోడుండటమే ప్రమాదమైపోయిందన్నమాట. దీని మీద ఒక సీజన్ మొత్తం నడపొచ్చు! వీళ్ళేం చేశారు? విలన్ మీదికి బిళ్ళలు విసిరి, జోకేసి, స్మూతీ తాగడానికి వెళ్ళిపోయారు.

అయినా ఈ ఆలోచన షో వాళ్ళకి తట్టలేదా అంటే, తట్టింది! నా మంట అక్కడే. 'ది అల్టిమేట్ శాక్రిఫైస్' అని ఒక ఎపిసోడ్ ఉంది. అందులో ఈ అల్టిమేట్లందరికీ సొంత స్పృహ వచ్చేస్తుంది. మమ్మల్ని ఈ వాచ్‌లోంచి వదిలెయ్ అని బెన్ మీద తిరగబడతారు. బెన్‌ని వాచ్ లోపలికే లాక్కుంటారు. వాళ్ళకి విముక్తి ఇవ్వడానికి బెన్ తన ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడతాడు. ఎంత బావుందో చూడండి! 52 ఎపిసోడ్ల సిరీస్‌లో దీనికి దక్కింది ఒక్క ఎపిసోడ్. ఆ తర్వాత బెన్ అల్టిమేట్ రూపాలు మళ్ళీ మామూలుగా వాడేసుకుంటాడు, ఏమీ జరగనట్టు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడమంటే ఇదే.

ఇది వాళ్ళకి కొత్త విషయం కూడా కాదు. 2005లో మొదలైన అసలు సిరీస్‌లో ఘోస్ట్‌ఫ్రీక్ గుర్తున్నాడు కదా? మొదట్లో వాచ్‌లో ఉన్న పది మంది ఏలియన్లలో బెన్ వాడటానికి వెనకాడేది అదొక్కటే. ఎందుకంటే దానికి సొంత బుద్ధి ఉంది, లోపల్నుంచి బెన్‌ని లాగుతూ ఉంటుంది. చివరికి వాచ్‌లోంచి తప్పించుకుని బయటపడుతుంది. నిజం చెప్తున్నా, ఆ ఎపిసోడ్ రాత్రిపూట చూశాక నేను మంచం పక్కన కాలు కింద పెట్టలేదు. రెండో సిరీస్ ఏలియన్ ఫోర్స్‌లో బెన్ మారే ఏలియన్లలో ఒకటైన బిగ్ చిల్ గుడ్లు పెట్టే కథ కూడా ఇలాంటిదే. నవ్వులాటగా తీశారు గానీ, బెన్‌కి తెలియకుండానే ఒళ్ళు ఇంకో జీవి మాట వింటుంది అందులో. అంటే విత్తనం మొదట్నుంచీ ఉంది. నీళ్ళు పోయలేదు, అంతే.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తా, పర్లేదు కదా. ఏలియన్ ఫోర్స్ వెనకున్న గ్లెన్ మురకామి అంతకుముందు టీన్ టైటన్స్ చేశారు. అందులో రెండో సీజన్ చూసినవాళ్ళకి టెర్రా పేరు చెప్తే చాలు. టీమ్‌లోకి వచ్చిన అమ్మాయి, మోసం చేస్తుంది, చివర్లో రాయైపోతుంది. రక్తం చుక్క లేదు, బూతు మాట లేదు, పిల్లల కార్టూనే. అయినా గుండె పిండేస్తుంది. ఆయనతో పాటు ఈ షో నడిపిన రచయిత డ్వేన్ మెక్‌డఫీ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1993లో మైల్‌స్టోన్ కామిక్స్ పెట్టినవాళ్ళలో ఒకరు, స్టాటిక్ అనే సూపర్ హీరోని సృష్టించినవాళ్ళలో ఒకరు, జస్టిస్ లీగ్ అన్‌లిమిటెడ్‌కి రాసినవారు. హీరోల చేతిలో ఇంత ఆయుధం ఉంటే మామూలు జనం ఎందుకు భయపడరు అని అందులో కాడ్మస్ అనే రహస్య ప్రభుత్వ సంస్థ కథ అడిగింది కదా, ఆ స్థాయి. ఆయన అల్టిమేట్ ఏలియన్ ఇంకా ప్రసారమవుతుండగానే 2011 ఫిబ్రవరిలో చనిపోయారు. అందుకే ఈ షోని తిట్టేటప్పుడు నాకు మనసొప్పదు. చెయ్యగలిగినవాళ్ళు అక్కడే ఉన్నారు మరి.

సరే, నా చేతికిస్తే ఏం చేస్తానో చెప్తా.

ముందు ఒక షరతు. చీకటి చెయ్యడమంటే రంగులు తగ్గించి, వాన కురిపించి, బెన్‌కి నల్ల జాకెట్ తొడగడం కాదు. ఎవరినీ అదనంగా చంపను. ఉన్న సంఘటనలే ఉంచుతా, వాటి ఖరీదు మాత్రం హీరోల చేత కట్టిస్తా.

ఏలియన్ ఫోర్స్ మొదటి రెండు సీజన్లు ముట్టుకోను. హైబ్రీడ్ కథ అద్భుతం. అంతరించిపోతున్న జాతి, స్వచ్ఛత పిచ్చితో మిగతా విశ్వాన్ని కూడా తుడిచేద్దామనుకుంటే, బెన్ వాళ్ళని చంపకుండా వాళ్ళ డీఎన్ఏలో వేరే జాతులది కలిపి బతికిస్తాడు. ఒక సూపర్ హీరో కార్టూన్‌లో ఇంతకంటే తెలివైన ముగింపు నేను చూళ్ళేదు. మూడో సీజన్ నుంచే నా కత్తెర మొదలు. బెన్ పాత వాచ్ ఆమ్నిట్రిక్స్‌ని కెలకడంతో పేలుడు జరిగి బెన్ స్నేహితుడు కెవిన్ వికారంగా మారిపోతాడు కదా, సీజన్ పొడుగునా అది ఎక్కువగా కామెడీ అయిపోయింది. బాబూ, ఆ కుర్రాడికి ఇలా జరగడం రెండోసారి! పదకొండేళ్ళప్పుడు కూడా ఆ వాచ్ శక్తి పీల్చుకునే రాక్షసుడయ్యాడు. అద్దం కనపడితే తల తిప్పుకోవాలి వాడు, తన ప్రియురాలు, బెన్ కజిన్ అయిన గ్వెన్ చెయ్యి పట్టుకోవడానికి భయపడాలి. ఒక్క సీన్ చాలు, వాడు తన కారు డోర్ తీయబోతే హ్యాండిల్ చేతిలోకి ఊడొస్తుంది. ఎవరూ నవ్వరు. కెవిన్ ఆ హ్యాండిల్‌ని మెల్లగా సీటు మీద పెట్టి నడిచి వెళ్ళిపోతాడు.

తర్వాత అల్టిమేట్ ఏలియన్. స్పృహ కథని ఎక్కడో మధ్యలో పారేయను, మొదట్నుంచే మొదలుపెడతా. చాలా చిన్నగా. బెన్ మనిషిగా మారిపోయాక కూడా కుడి చెయ్యి పిడికిలి తెరుచుకోదు, హ్యుమంగసార్ చెయ్యి ఇంకా లోపల గురి చూస్తోందన్నమాట. ఇంకో ఎపిసోడ్‌లో గదినిండా జనం ఉంటే ఊపిరాడక బయటికొచ్చేస్తాడు. ఎందుకో వాడికే తెలీదు, చూసే మనకి మాత్రం ఎకో ఎకో అని తెలుస్తుంది. అప్పటికే వాడెవరో ప్రపంచానికి తెలిసిపోయింది కదా, కెమెరాలన్నీ వాడి మీదే. ఇక్కడ విల్ హరాంగ్‌ని వాడుకుంటా. టీవీలో కూర్చుని బెన్‌ని తిట్టే ఆ పెద్దమనిషిని షోలో జోకర్ విలన్ చేశారు. నా వెర్షన్‌లో ఆయన అడిగే ప్రశ్నలన్నీ సరైనవే. "ఆ వాచ్‌ని ఈ కుర్రాడికి ఇచ్చింది ఎవరు? వాడికి కోపమొస్తే మాకు దిక్కెవరు?" అంటాడు. బెన్ దగ్గర జవాబుండదు. విలన్ తప్పు చెప్తే కొట్టెయ్యొచ్చు, నిజం చెప్తే ఏం చేస్తాం?

ఇప్పుడు అసలు ముక్క. విలన్ అగ్రెగర్‌ని ఆపడానికి కెవిన్ అల్టిమేట్రిక్స్ శక్తినే పీల్చుకుని మతి తప్పుతాడు. 'అబ్సల్యూట్ పవర్'లో బెన్ వాణ్ణి చంపాల్సిందే అంటాడు, గ్వెన్ ఒప్పుకోదు. నాకు ఈ రెండు ఎపిసోడ్లు ప్రాణం. కానీ ఎప్పుడూ ఒక ప్రశ్న మిగిలిపోయేది. హైబ్రీడ్‌నే క్షమించినవాడు తన స్నేహితుణ్ణి అంత తేలిగ్గా చంపుతానంటాడేంటి? నా వరసలో పెడితే దానికి సమాధానం దొరికేస్తుంది. అప్పటికి బెన్ తలలో పది లక్షల ఏళ్ళ యుద్ధం చూసినవాళ్ళు మాట్లాడుతున్నారు. ప్రమాదం కనపడితే ముందే లేపెయ్యి, అదొక్కటే వాళ్ళకి తెలిసింది. గ్వెన్ వాదిస్తున్నది బెన్‌తో కాదు, వాడి లోపలున్న ఆ జనంతో. ఆ సీన్ నేను పూర్తిగా నిశ్శబ్దంలో తీస్తా, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వద్దు. మధ్యలో ఒక్క డైలాగ్‌కి మాత్రం బెన్ గొంతు మీద ఇంకో నాలుగు గొంతులు పడాలి. గ్వెన్ ఒక అడుగు వెనక్కి వెయ్యాలి.

దాని తర్వాత వస్తుంది 'అల్టిమేట్ శాక్రిఫైస్', ఒక ఎపిసోడ్‌గా కాదు, మూడు నాలుగు ఎపిసోడ్లుగా. ఇక వాళ్ళు వెళ్ళిపోయాక ఆ రూపాలు బెన్‌కి దొరకవు. ముళ్ళు బయటికి రావు, బిళ్ళని ఎంత కొట్టినా. మిగతా సీజనంతా మామూలు ఏలియన్లతోనే నెట్టుకురావాలి, చివర్లో పెద్ద విలన్ విల్గాక్స్ ఎదురుగా ఉన్నా సరే. అప్పుడు ఆమ్నిట్రిక్స్ తయారుచేసిన అజ్‌ముత్ వచ్చి కొత్తది ఇస్తే దానికి అర్థం ఉంటుంది. ఇప్పుడున్న ముగింపులో అది ఒక కొత్త మోడల్ ఇచ్చినట్టుంది.

తర్వాత వచ్చిన ఆమ్నివర్స్‌ గురించి అడుగుతారని తెలుసు. అందులో రంగులూ నవ్వులూ మళ్ళీ ఎక్కువయ్యాయి. అది వేరే షో అనుకుని చూస్తే నాకు ఇబ్బంది లేదు, దాని గురించి ఇంతకంటే మాట్లాడను.

మరి రివ్యూ అన్నాక తీర్పు చెప్పాలి. ఏలియన్ ఫోర్స్ మొదటి రెండు సీజన్లు కళ్ళు మూసుకుని చూసేయండి. మూడోది కావాలంటే ఫాస్ట్ ఫార్వర్డ్‌లో. అల్టిమేట్ ఏలియన్‌కి నేను స్టార్లు ఇవ్వను. బాగోలేదని కాదు, నాకు ఇంత కోపం తెప్పించినదానికి మార్కులేంటి చెప్పండి? కొత్తగా చూసేవాళ్ళు అగ్రెగర్ కథ, 'అబ్సల్యూట్ పవర్' అయిపోయాక నేరుగా 'అల్టిమేట్ శాక్రిఫైస్'కి దూకండి. మధ్యలో వదిలేసినవి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. ఈ వరసలో చూస్తే నేను చెప్పిన షో సగం మీ కళ్ళముందే ఉంటుంది.

వచ్చే వీడియో స్టాటిక్ షాక్ మీద. అప్పటిదాకా లైక్, షేర్, సబ్‌స్క్రైబ్ మీ ఇష్టం. కింద మాత్రం ఒకటి రాయండి: అల్టిమేట్లలో ఎవరు ముందు తిరగబడి ఉండాల్సింది? ఎకో ఎకో అని రాసినవాళ్ళకి నేనే రిప్లై ఇస్తా. ఉంటానండి.