బకాయి అడగడానికి తోడు కావాలి

సభకు నమస్కారం. ఈ ఏడాది కొత్తగా సభ్యులైనవాళ్లు చాలామంది వచ్చారు, సంతోషం. నేను చెప్పబోయేది ముఖ్యంగా మీ కోసమే.

మన చిన్న పరిశ్రమల సంఘంలో చేరమంటే మొదట వచ్చే ప్రశ్న, "చేరితే ఆర్డర్లు వస్తాయా?" అని. న్యాయమైన ప్రశ్నే. వస్తాయి, అప్పుడప్పుడు. కానీ చేతినిండా ఆర్డర్లుండి మూతపడ్డ యూనిట్లను మనమంతా చూశాం. సరుకు వెళ్లిపోయాక డబ్బు రాకపోవడమే వాటిని ముంచింది. మా అట్టపెట్టెల పనిలో క్రాఫ్ట్ పేపర్ మిల్లు వాళ్లు పైకం దగ్గర గట్టిగా ఉంటారు. జీతాలు, కరెంటు బిల్లు, బ్యాంకు వడ్డీ ఏవీ ఆగవు. పెట్టెలు తీసుకున్న కంపెనీ మాత్రం వచ్చే నెల చూద్దామంటుంది.

చట్టం మన పక్షానే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు డబ్బు చెల్లించాలి. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు 3 రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చడానికి రాష్ట్రంలో ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ మనకు అనుకూలంగా వచ్చిన తీర్పును కొనుగోలుదారు కోర్టులో సవాలు చేయాలంటే ముందు 75 శాతం సొమ్ము జమ చేయాలి.

ఇంత బలమైన చట్టం ఉన్నా ఫిర్యాదు చేయడానికి చెయ్యి రాదు. ఎందుకో మీకూ తెలుసు. ఫిర్యాదు చేస్తే ఆ బకాయి వస్తుందేమో గానీ రేపటి ఆర్డర్ పోతుంది. పర్చేజ్ మేనేజర్లు ఒకరికొకరు చెప్పుకుంటారన్న భయం కూడా ఉంటుంది.

ఒక పెద్ద కంపెనీ నుంచి మాకు నెలల తరబడి డబ్బు ఆగింది. అకౌంట్స్ వాళ్లను అడిగితే పర్చేజ్‌ను అడగమనేవారు, పర్చేజ్ వాళ్లు మళ్లీ అకౌంట్స్ దగ్గరికే పంపేవారు. నెలవారీ మీటింగ్‌లో ఆ పేరు ఎత్తగానే ఇంకో ముగ్గురు తలలెత్తారు. లేబుళ్లు వేసే ఆయన, ప్యాలెట్లు చేసే ఆయన, లారీలు పంపే ఆవిడ. అందరిదీ అదే కంపెనీ, అదే కథ. అప్పటిదాకా ఎవరికి వాళ్లం మన సరుకులోనే ఏదో నచ్చలేదేమో అనుకుని టెన్షన్ పడుతున్నాం. సంఘం తరఫున ఒక్క ఉత్తరం వెళ్లింది. మా సభ్యులకు ఇంత బాకీ ఉంది, గడువు దాటింది అని అందులో ఉంది తప్ప ఎవరి పేరూ లేదు. డబ్బు విడతలుగా వచ్చింది. ఆర్డర్లు ఎవరికీ ఆగలేదు. నా దృష్టిలో సంఘం చేసే పనుల్లో ఇదే అన్నిటికన్నా విలువైనది. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో చిన్న పరిశ్రమల సంఘాల ప్రతినిధి ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. సమర్థుడైన మనిషిని ఆ కుర్చీకి పంపే బాధ్యత మనది.

అప్పు విషయంలో ఎలీప్‌ను చూడండి. 1993లో కన్నెగంటి రమాదేవి గారు, ఇంకొందరు మహిళలు కలిసి పెట్టుకున్న మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అది. హైదరాబాద్ గాజులరామారంలో మహిళల కోసమే పారిశ్రామికవాడ తెచ్చుకున్నారు. ఆడవాళ్లు పరిశ్రమ పెడతామంటే బ్యాంకులో మొదట భర్త సంతకం, నాన్న ఆస్తి గురించి అడిగే రోజుల్లో, సభ్యుల అప్పులకు పరస్పర హామీ ఇచ్చే ఏర్పాటు కూడా చేసుకున్నారు. బ్యాంకు అధికారికి మన మెషీన్ గురించి తెలియకపోవచ్చు. తోటి సభ్యురాలికి మనం పని చేయగలమో లేదో తెలుసు. ఆ తెలివిడినే వాళ్లు హామీగా మార్చారు.

ఇంకా చిన్న సంగతి. కిందటి వానాకాలం ఒక కొత్త అమ్మాయి యూనిట్‌లో అట్టలు వంకర తిరిగిపోతున్నాయి. కస్టమర్ సరుకు వెనక్కి పంపాడు. గమ్ మార్చింది, మెషీన్ మెకానిక్‌ను పిలిపించింది, లాభం లేదు. పక్క వీధి యూనిట్ నుంచి ఒక పెద్దాయన వచ్చి మెషీన్ వైపు చూడనే లేదు, నేరుగా రీళ్ల దగ్గరికి వెళ్లి చేత్తో తడిమారు. పైపొరకు వాడే రీలు షట్టర్ పక్కన నిలబెట్టి ఉంది, జల్లుకు చెమ్మ పట్టింది. లోపలి పొర కాగితం పొడిగా ఉంది. రెండూ అతికాక ఆరేటప్పుడు చెరో రకంగా బిగుసుకుంటాయి, అట్ట వంగుతుంది. "రీళ్లు లోపలికి జరుపమ్మా, కింద చెక్కలు వెయ్యి" అన్నారు. అంతే. ఆయన ఆ అమ్మాయికి పోటీదారే, ఒకే కస్టమర్ దగ్గర ఇద్దరూ కొటేషన్ ఇస్తారు. అయినా వచ్చారు. ఆయనంటే నాకు చాలా గౌరవం.

పోటీదారులం కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒక గీత దాటకూడదు. మిల్లు రేటు పెరిగింది, ఫలానా రీలు నాణ్యత బాలేదు, ఇవి మాట్లాడుకోవచ్చు. ఫలానా రేటుకు తక్కువగా ఎవరూ అమ్మొద్దని తీర్మానం చేస్తే మాత్రం అది 2002 కాంపిటీషన్ చట్టం కింద నేరుగా ఉల్లంఘనే. అలా చేసిన వ్యాపార సంఘాలకు కాంపిటీషన్ కమిషన్ జరిమానాలు వేసింది. మన మీటింగ్‌లో ఎవరైనా ఆ మాట ఎత్తితే అక్కడికక్కడే ఆపండి, పెద్దవాళ్లని మొహమాటపడకండి.

శాలువాలు, ఫొటోలు, పదవుల కోసం గొడవలు కూడా సంఘాల్లో ఉంటాయి. వాటితో విసిగి మంచి సభ్యులు రావడం మానేస్తే మిగిలేది అవే. అందుకే బకాయిల అంశాన్ని ప్రతి నెలా ఎజెండాలో మొదట పెట్టాలని నేను కార్యవర్గాన్ని అడుగుతున్నాను.

వచ్చే మీటింగ్‌కు గడువు దాటిన ఇన్‌వాయిస్‌లు, పర్చేజ్ ఆర్డర్, సరుకు అందినట్టు సంతకం ఉన్న డెలివరీ చలాన్ తెచ్చుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే ప్రభుత్వం దగ్గర ఎంఎస్ఎంఈగా నమోదు, లేనివాళ్లు ఈ వారంలోనే చేయించుకోండి, అది ఉచితం. సరుకు పంపాక తీసుకున్న రిజిస్ట్రేషన్‌తో పాత బకాయిలు అడిగితే పేచీ వస్తుంది. కాగితాలు సరిచూసి ఉత్తరం తయారు చేయడానికి నేను, మరో ఇద్దరు సభ్యులు గంట ముందే వచ్చి కూర్చుంటాం.