‘ఇంకేముంది, తాగనీలే’ అనకండి

పెద్దలకు, ఇంత ఎండలో అనంతపురం దాకా వచ్చిన మీకందరికీ నమస్కారం. మే 31, పొగాకు వ్యతిరేక దినం కదా, నాలుగు మాటలు చెప్పమన్నారు. పొగ తాగితే క్యాన్సర్ వస్తుందని మీకు నేను చెప్పాలా? కట్ట మీదే బొమ్మేసి ఉంటుంది. నేను చెప్పాలనుకున్నది జబ్బు వచ్చాక సంగతి.

మా అన్నది శనక్కాయ సేద్యం. రోజుకు రెండు కట్టల బీడీలు తాగేవాడు. గొంతు బొంగురుపోతే జలుబు అనుకున్నాం. చివరికి గొంతు క్యాన్సర్ అన్నారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఏడు వారాలు కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. మెడ చర్మం నల్లగా కమిలిపోయింది. జావ కూడా దిగేది కాదు. అట్లాంటి మనిషి సాయంత్రమయ్యేసరికి రెండు వేళ్ళు పెదవుల దగ్గర పెట్టి సైగ చేసేవాడు.

వదిన కళ్ళొత్తుకుంటూ, “పోయే మనిషికి కొరతెందుకు, తెచ్చియ్యి నాయనా” అంది. తెచ్చాను. ఆయన చేతులు వణుకుతుంటే నేనే వెలిగించిచ్చాను. రోజూ. ఆ ఆస్పత్రిలో బీడీ మానావా అని ఒక్కరూ అడగలేదు. మాకూ తోచలేదు.

తర్వాత తెలిసింది. కరెంటు గడ్డ మీద బాగా పనిచేయాలంటే గడ్డకు ఆక్సిజన్ అందాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. తల, మెడ క్యాన్సర్లకు కరెంటు పెట్టించుకున్నవాళ్ళను కెనడా డాక్టర్లు గమనించి 1993లో చెప్పారు: కరెంటు పెట్టే రోజుల్లోనూ పొగ తాగినవాళ్ళలో రెండేళ్ళకు బతికున్నది నూటికి 39 మంది. తాగనివాళ్ళలో 66. ఊపిరితిత్తుల క్యాన్సర్ తొలి దశలోనే బయటపడిన 65 ఏళ్ళవాళ్ళ గురించి 2010లో బ్రిటన్‌లో లెక్కగట్టారు. తాగుతూనే ఉంటే ఐదేళ్ళు బతికేది నూటికి 33 మంది, మానేస్తే 70.

అమ్మా, ముందు వరసలో ఉన్నవాళ్ళు, మిమ్మల్నే అడుగుతున్నా. ఈ లెక్క ఆరోజు ఎవరైనా చెప్పుంటే వదిన ఆ మాట అనేదా? నేను అగ్గిపుల్ల గీసేవాణ్ణా?

మానేసి ఉంటే అన్న తప్పకుండా బతికేవాడని అనను. అది ఎవరూ చెప్పలేరు. కానీ ఆయనకున్న అవకాశాన్ని నా చేత్తో తగ్గించాను. డాక్టర్లూ నర్సులూ ఉన్నారు కాబట్టి చేతులెత్తి అడుగుతున్నా: చీటీ రాసే ముందు రోగిని, వెంట వచ్చినవాళ్ళనూ ‘పొగ మానారా’ అని ఆ ఒక్క మాట అడగండి.

టైమైందని అంటున్నారు, ఒక్క నిమిషం. మానడానికి సాయం చేసే ఉచిత ఫోన్ ఉంది, 1800-11-2356. రాసుకోండి. పెన్ను లేనివాళ్ళు పక్కవాళ్ళనడగండి. మళ్ళీ చెబుతాను, 1800-11-2356.