బడి ఎగ్గొట్టిన పిల్లవాడి దగ్గరికి ముందు ఎవరు వెళ్లాలి?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, గ్రంథాలయ కమిటీ పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ, ముందు వరసలో బుద్ధిగా కూర్చున్న పిల్లలకు నమస్కారాలు. నాకిచ్చిన అంశం 'చైనా తత్వంలో విద్య, చట్టం'. అరగంటలో తెమిలేది కాదు. అందుకని ఒక్క ముక్కే తీసుకుంటాను. పిల్లవాడు బడి ఎగ్గొడితే ఏం చెయ్యాలి? చట్టాన్ని పంపాలా, మనమే వెళ్లాలా?

చైనా ప్రాచీన తత్వవేత్త కన్‌ఫ్యూషియస్ పోయిన పదిహేను వందల ఏళ్లకు, సోంగ్ రాజుల కాలంలో, ఆయన బోధను కొందరు మళ్లీ నిలబెట్టారు. నియో కన్‌ఫ్యూషియన్లు అనేది వీళ్లనే. వాళ్లలో పెద్ద పేరు జు షీ, 1130లో పుట్టి 1200లో పోయాడు. వీళ్లంటే మహా కఠినులని అందరికీ ఒక అభిప్రాయం. కొంత నిజమే. పూర్వం రాజు కొడుకైనా రైతు కొడుకైనా ఎనిమిదో ఏట బడికి వెళ్లేవాడని, అక్కడ నీళ్లు చల్లి ఊడవడం, పెద్దలు పిలిస్తే మర్యాదగా పలకడం నేర్చేవాడని జు షీ రాశాడు.

కానీ అదే జు షీ 1180 ప్రాంతంలో, లూ పర్వతం దగ్గర పాడుబడిపోయిన 'తెల్ల జింక గుహ' విద్యాపీఠాన్ని బాగుచేసినప్పుడు గోడ మీద ఏం పెట్టించాడు? చెయ్యకూడని పనుల జాబితా కాదు. తల్లిదండ్రులతో, స్నేహితులతో ఎలా మెలగాలి, ఎలా చదవాలి, ఎలా ప్రశ్నించాలి, చదివింది ఎలా ఆచరించాలి, ఇవే. ఈ మధ్య బడుల్లో నిబంధనలు పెట్టి విద్యార్థిని మరీ తక్కువగా చూస్తున్నారని చివర్లో బాధపడ్డాడు. అయితే ఆయన అక్కడే ఆగలేదు. వీటిని వదిలేసి నడిచేవాడికి ఆ నిబంధనలు తప్పవని కూడా రాశాడు. ఆయన చట్టాన్ని తీసి పారెయ్యలేదు, చివర నిలబెట్టాడు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఈ వరస గురించే.

ఇక వాంగ్ యాంగ్‌మింగ్. దయచేసి ఈయన సంగతి కాస్త శ్రద్ధగా వినండి. మింగ్ రాజుల కాలం వాడు. జు షీతో ఎన్నో విషయాల్లో విభేదించాడు. దక్షిణ జియాంగ్‌షీ కొండల్లో దోపిడీ ముఠాలను అణచమని ప్రభుత్వం పంపిన అధికారి, సైన్యం నడిపినవాడు. పది ఇళ్లకు ఒక పలక పెట్టించాడు. రోజుకొకరు వంతులవారీగా ఆ పలక పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఎవరున్నారో, ఎవరు లేరో, కొత్తవాళ్లెవరొచ్చారో చూడాలి. ఏదైనా దాస్తే పది ఇళ్లకూ నేరమే. పెద్దవాళ్లకే హాజరు పట్టీ పెట్టిన మనిషి! ఆ మనిషే 1518లో పిల్లల బడుల పంతుళ్లకు ఒక లేఖ రాశాడు.

అందులో ఏమన్నాడంటే, మీరు పిల్లల్ని బెత్తంతో కొడుతున్నారు, తాళ్లతో కడుతున్నారు, ఖైదీల్లా చూస్తున్నారు. అందుకే వాళ్లు బడిని జైలనుకుని లోపలికి రామంటున్నారు, పంతుల్ని శత్రువనుకుని మొహం చూడమంటున్నారు. దాక్కుంటున్నారు, ఆటలకు పోతున్నారు, అబద్ధాలాడుతున్నారు. చెడువైపు తరిమేది మీరే, మంచిగా ఉండమనేదీ మీరే అన్నాడు. ఐదు వందల ఏళ్ల కిందటి మాట ఇది! పిల్లలు మొలకల లాంటివాళ్లు, వదిలితే ఎదుగుతారు, వంచితే వాడిపోతారన్నాడు. మరి ఏం చెయ్యాలి? పాటలు పాడించండి, ఒళ్లు కదిలేలా మర్యాదలు నేర్పండి, తర్వాత చదివించండి. రెండు వందల అక్షరాలు పట్టగలవాడికి వందే చెప్పండి, ఓపిక మిగిలితే విసుగు రాదన్నాడు. సగమే చెప్పమన్నాడు, అమ్మా, వింటున్నారా? హోంవర్కు చాల్లేదని బడికొచ్చి అడిగే తల్లులు కూడా ఈ సభలో ఉన్నారు.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పుకోవాలి. నేను పల్లెటూరి బడిలో పనిచేసేటప్పుడు హాజరు పట్టీలో రాని పిల్లల పేర్ల పక్కన పెన్సిలుతో కారణం రాసుకునేవాణ్ణి. 'పత్తికి వెళ్లాడు.' 'తమ్ముణ్ణి ఎత్తుకుంటోంది.' 'లెక్కల పీరియడంటే భయం.' తనిఖీకి వచ్చిన అధికారి అది చూసి, పట్టీలో పిచ్చిరాతలేమిటని నా చేతికి రబ్బరిచ్చి ఎదురుగా చెరిపించారు. చాలాకాలంగా రానివాళ్ల పేర్లు కొట్టేయమన్నారు. మొదటి రెండూ పోతే పోయాయి. ఆ మూడోది చెరిపించినందుకు నాకు ఇప్పటికీ కోపమే. అది బడి తప్పు. కాగితం మీద కూడా ఉండనివ్వలేదు.

టైమైందని అధ్యక్షులవారు చూస్తున్నారు. కొరియా మాట ఒక్కటి చెప్పి ముగిస్తాను. సోల్‌లోని సుంగ్‌క్యున్‌క్వాన్ రాజుల కాలంలో వాళ్ల అత్యున్నత విద్యాపీఠం, చెప్పేది కన్‌ఫ్యూషియస్ బోధే. అక్కడ హాజరు భోజనశాలలో వేసేవారు. పొద్దున, సాయంత్రం రెండు పూటలా తిని సంతకం పెడితే ఒక చుక్క. మూడు వందల చుక్కలుంటేనే పరీక్ష. అంత గట్టి నిబంధన. అయినా 1448లో సెజోంగ్ రాజు కోటలో బౌద్ధ మందిరం కట్టిస్తున్నాడని, కన్‌ఫ్యూషియస్ బాట పట్టిన ఆ విద్యార్థులు అది గిట్టక బడి ఖాళీ చేసి వెళ్లిపోయారు. రాజు కొలువులోని పండితులూ ఇళ్లకు పోయారు. అప్పుడు ఎనభై దాటిన ప్రధానమంత్రి హ్వాంగ్ హీ ఆ పండితుల ఇంటింటికీ వెళ్లి రమ్మని బతిమాలాడట. దారిలో ఒక విద్యార్థి ఆయన్నే నిలదీశాడట, రాజుకు బుద్ధి చెప్పలేకపోయారా అని. ముసలాయన కోప్పడలేదు, సంతోషించాడని చెప్పుకుంటారు. ఆయన తలచుకుంటే భటుల్ని పంపలేకా!

మన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. మంచిదే. కానీ రాని పిల్లవాడి ఇంటికి మన కాళ్లే నడవాలి. ఈ సభలో ఇద్దరు హెడ్మాస్టర్లున్నారు. మీకు చేతులెత్తి అడుగుతున్నాను, హాజరు పట్టీ పక్కన ఒక మామూలు నోటుపుస్తకం పెట్టండి. మూడు రోజులు రాని ప్రతి పిల్లా పిల్లవాడి ఇంటికీ ఎవరో ఒకరు వెళ్లి, ఎందుకు రాలేదో అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. మిమ్మల్ని తప్పుపట్టినా సరే, అదీ రాయండి. పుస్తకాలు నేను కొనిస్తాను. సభ అయ్యాక ఆ కిటికీ దగ్గర ఉంటాను, వచ్చి ఎన్ని కావాలో చెప్పండి.