శామీర్‌పేటకు మళ్లీ వెళ్లేదెవరు?

అందరికీ నమస్కారం. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న మీకు ఎంఏ సోషియాలజీ, అంటే సమాజశాస్త్రం గురించి చెప్పమని పిలిచారు. ముందు ఉద్యోగాల సంగతి తేల్చేద్దాం, లేకపోతే మిగతాదేదీ మీ చెవికెక్కదు. సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌కు రెండు పేపర్లు, 500 మార్కులు. తెలంగాణ గ్రూప్-2 సిలబస్‌లోనూ సమాజం మీద ఒక భాగం ఉంది. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్ తెచ్చుకుంటే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. స్వచ్ఛంద సంస్థలు, సర్వేలు చేసేవాళ్లు కూడా తీసుకుంటారు కానీ ఆ జీతాన్ని బీటెక్ చేసిన మీ బావ జీతంతో పోల్చుకుంటే టెన్షనే.

సీటు కోసమైతే ఉస్మానియా, కాకతీయలకు సీపీగెట్, ఆంధ్రాలో పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్‌లు రాయాలి. డిగ్రీలో సోషియాలజీ లేనివాళ్లకూ చాలాచోట్ల అవకాశముంది.

నేను అసలు మాట్లాడాలనుకున్నది డిసర్టేషన్, అంటే మీరే పరిశోధించి రాసే ప్రాజెక్టు గురించి. చాలామంది ఆఖరి నెలలో సీనియర్ల ప్రాజెక్టు తెచ్చి, ఊరి పేరు మార్చి, బైండింగ్ చేయించి ఇచ్చేస్తారు. రెండేళ్ల చదువులో మీ సొంత ప్రశ్న వేసుకునే అవకాశం అదొక్కటే, దాన్నే జిరాక్స్ షాపుకు అప్పగిస్తున్నారు.

సమాజాన్ని అధ్యయనం చేసే ఎస్.సి.దూబే ఉస్మానియాలో పనిచేసిన రోజుల్లో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట ఊరిని అధ్యయనం చేశారు. కులాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు, పెళ్లిళ్లు, పండుగలు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఇవన్నీ రాసుకుంటే 1955లో 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకమైంది. ఇప్పుడు అదే శామీర్‌పేట వైపు ఔటర్ రింగ్ రోడ్డు, నల్సార్ లా యూనివర్సిటీ, జీనోమ్ వ్యాలీ కంపెనీలు, రిసార్టులు. ఒకప్పుడు చాకలి, మంగలి, కుమ్మరి కుటుంబాలు ఏడాది పొడవునా చేసే పనికి కల్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. ఆ సంబంధాలు ఎప్పుడు తెగాయి? భూములు అమ్మిన డబ్బు ఏ ఇంట్లో దేనికి ఖర్చయింది? సొంత భూమి లేక, ఆ పొలాల్లో కూలికి వెళ్లినవాళ్లకు ఏం దక్కింది? అమ్మే ముందు ఇంట్లో ఆడవాళ్లను ఎవరైనా అడిగారా? వీటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా మీకు రెండు సెమిస్టర్ల పని. కులం ఎక్కడుంది సార్ అనేవాళ్లు మ్యారేజ్ బ్యూరోలో ఒక పూట కూర్చుని రండి.

థియరీ పేపరంటే తెలుగు మీడియం వాళ్లకు దడ. ఫ్రెంచ్ సోషియాలజిస్టు డర్కైమ్ 1897లో ఆత్మహత్యల మీద పుస్తకం రాశాడు. ఎవరి బాధ వారిదే అయినా, ఒక్కో సమాజంలో ఆత్మహత్యల రేటు ఒక్కోలా ఉండటానికి కారణం ఆ సమాజంలోనే వెతకాలన్నాడు. ఇది ఇంగ్లీషులో బట్టీపడితే పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతారు. దాని బదులు, ఆడవాళ్లు సారా మీద ఉద్యమించిన 1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంటను తలుచుకోండి. తాగొచ్చి కొట్టే మొగుళ్లు అంతకుముందూ ఉన్నారు, మరి ఆడవాళ్లు అప్పుడే సారా మీద ఎందుకు తిరగబడ్డారు? అక్షరాస్యతా ఉద్యమం వాళ్లను రాత్రిపూట ఒకచోట కూర్చోబెట్టింది. ఎవరింట్లో వాళ్లు దాచుకున్న గుట్టు అక్కడ ఊరందరి సంగతైంది. వాళ్ల ధైర్యాన్ని పొగిడి ఊరుకుంటే అది ఉపన్యాసం. ఆ ధైర్యం అప్పుడే, అక్కడే ఎలా కూడిందని అడిగితే సోషియాలజీ.

ఊళ్లోకి వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. ముందు సర్పంచ్ ఇంట్లో భోంచేసి, ఆయన మనిషిని వెంటబెట్టుకుని దళితవాడకు వెళ్తే అక్కడ మీకు మర్యాద దొరుకుతుంది, నిజం దొరకదు. పేరున్న సోషియాలజిస్టు ఎం.ఎన్.శ్రీనివాస్ అంతటివారు 1948లో మైసూరు దగ్గరి ఊళ్లో ఊరిపెద్ద ఆశ్రయంలో ఉన్నారు. తన చూపు పైకులాల వైపు నుంచే సాగిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. అందుకే మొదటి వారం టీకొట్టు దగ్గర, బోరింగు దగ్గర, ఉపాధి హామీ పని జరిగేచోట గడపండి. మీ ప్రశ్నల ఫారం తీయగానే "పింఛను కోసమా బిడ్డా?" అని అడుగుతారు. కాదవ్వా, నేను చదువుకుంటున్నాను, పింఛను ఇప్పించలేను అని అప్పుడే చెప్పేయండి. కొందరు లేచి వెళ్లిపోతారు, వెళ్లనివ్వండి. వాళ్ల ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు మాత్రం రాసుకోకండి, మీ పనికి అవి అక్కర్లేదు.

ఇక ఎంట్రన్స్ గురించి అడగాల్సినవాళ్లు అడగండి.