పోలండ్ లూట్ ఆల్బమ్ రివ్యూ: వాయించినాయన మీద కాదు, రికార్డ్ చేసినాయన మీద నా కోపం

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ రెండు సీడీల సెట్ నాకు కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇలా మాట్లాడమని కూడా చెప్పలేదు. చెప్పుంటే బాగుండేదని వీడియో అయ్యేసరికి వాళ్లకే అనిపించొచ్చు. ధర, ట్రాక్ లిస్టు మీరు చూసే వచ్చుంటారు, నేను మళ్లీ చదవను.

16వ శతాబ్దపు పోలండ్, లూట్ సంగీతం. అరబ్బుల ఊద్ నుంచి వచ్చిన వాయిద్యం ఇది. ఉబ్బెత్తు పొట్ట, వెనక్కి మడిచినట్టున్న తల, జంటలు జంటలుగా పేగు తీగలు. గొంతు చిన్నది. రాజుగారి గదిలో నలుగురైదుగురు దగ్గరగా కూర్చుని వినేది.

అలాంటిదాన్ని తీసుకెళ్లి పెద్ద చర్చిలో రికార్డ్ చేశారండీ! ఈ ఐడియా ఎవరికొచ్చిందో గానీ...

మొదటి డిస్క్ అంతా బాలింట్ బక్‌ఫార్క్. ట్రాన్సిల్వేనియాలోని బ్రషోవ్ ఊరివాడు. 1549 నుంచి 1566 దాకా పోలండ్ రాజు సిగిస్మండ్ ఆగస్టస్ ఆస్థానంలో వాయించాడు. ఆయన లూట్ సంగీతం 1553లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఒక పుస్తకంగా, 1565లో పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఇంకో పుస్తకంగా అచ్చయింది. బక్‌ఫార్క్ తర్వాత లూట్ పట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది అన్న అర్థంలో పోలిష్‌లో సామెతే ఉంది. 1576లో పాదువాలో ప్లేగుతో పోయాడు. రోగి వస్తువులతో పాటు ఆయన రాతప్రతులూ తగలబెట్టేశారంటారు. కాబట్టి ఈ ఫాంటసియాలు, అంటే మాటల్లేకుండా వాయిద్యం కోసమే రాసిన రచనలు, దక్కడమే గొప్ప.

ఇప్పుడు నా గొడవ వినండి. ఫాంటసియాలో ఒక చిన్న రాగపు ముక్క ఒక స్వరపంక్తిలో మొదలవుతుంది. అది సాగుతుండగానే అదే ముక్కను రెండో పంక్తి అందుకుంటుంది, తర్వాత మూడోది, ఒక్కోచోట నాలుగోది కూడా. బృందగానం కోసం రాసిన పద్ధతిని ఒకే మనిషి, రెండు చేతులతో, ఒక్క లూట్ మీద తెచ్చాడు. ఎవరు ఎక్కడ చేరారో చెవికి తెలియడమే ఇందులో మజా. చర్చి గోడలు మొదటి పంక్తిని ఇంకా వదలకముందే మూడోది వచ్చేస్తోంది. ఏది ఏదో తెలియని ముద్ద! హెడ్‌ఫోన్స్ మార్చాను, ఈక్వలైజర్‌తో కుస్తీ పట్టాను. రికార్డింగ్‌లోనే ఉన్న ప్రతిధ్వనిని నేనెక్కణ్నుంచి తీసేయను? కార్లో అయితే ఇంకా ఘోరం. లూట్ సగం ఏసీ గాలిలో కలిసిపోయింది, మిగిలింది గోడల మోతే.

ఇదివరకు మన ఛానెల్లో ఒక ఊద్ ఆల్బమ్ చూపించాను, గుర్తుందా? చిన్న గది, ఒకే మైకు. తీగ మీద వేలు జరిగే చప్పుడు కూడా పడింది. కొందరికి అది నచ్చలేదు, నాకైతే భలే నచ్చింది. మనిషి ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టే ఉంటుంది. ఇక్కడా అదే చేసుంటే ఈ సెట్‌ను నెత్తిన పెట్టుకునేవాణ్ని.

సరే, రెండో డిస్క్. ఇక్కడ నా కోపం కొంచెం దిగింది. వోయ్‌చెహ్ ద్లుగొరాయ్ కథ సినిమాకి సరిపోతుంది. శామ్యూల్ జ్బొరోవ్‌స్కీ అనే పెద్ద జమీందారు దగ్గర పనిచేసి, ఆయన ఉత్తరాలు రాజుపక్షం వాళ్లకు చేరేలా చేశాడు. 1584లో క్రాకోవ్‌లో ఆ జమీందారు తల నరికారు. ఆ కుటుంబం పగ తీర్చుకుంటుందన్న భయంతో ద్లుగొరాయ్ జర్మనీ పారిపోయాడు. అంత టెన్షన్‌లో బతికిన మనిషి ఇంత తేలికైన చిట్టి విలనెల్లాలు (ఇటలీ జానపద పాటల తరహా రచనలు) రాశాడా అనిపిస్తుంది. ఇవి పొట్టివి, పంక్తులు తక్కువ, గోడలు వీటిని అంతగా పాడుచేయలేకపోయాయి.

డ్యాన్సులు ఇంకా బాగున్నాయి. పోలిష్ డ్యాన్స్ అంటే అప్పట్లో యూరప్‌లో పెద్ద ఫ్యాషన్, జర్మన్ లూట్ పుస్తకాల నిండా అవే. పాట ముందు రెండు లెక్కల్లో నడుస్తుంది, తర్వాత అదే పాట మూడు లెక్కలకు తిరుగుతుంది. కచేరీల్లో చతురశ్రం నుంచి తిశ్రానికి మారితే మీ చెయ్యి తొడ మీద దానంతటదే మారిపోతుంది చూడండి, సరిగ్గా అదే! ఆ మలుపు దగ్గర వాయించినాయన క్షణం కూడా తడుముకోలేదు. ఆ ట్రాక్ నేను ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు, ఇంట్లోవాళ్లు తిట్టారు కూడా.

చివర్లో యాకుబ్ పోలక్. కొన్ని నెలలు పోలండ్ రాజుగా ఉండి, 1574లో రాత్రికి రాత్రి పారిపోయి ఫ్రాన్స్ రాజైన మూడో హెన్రీ ఉన్నాడే, ఆయన ఆస్థాన లూట్ విద్వాంసుడు ఈయన. 1603లో జర్మనీలోని కొలోన్‌లో బెసార్ అనే లూట్ వాద్యకారుడు అచ్చువేసిన 403 రచనల పెద్ద సంకలనంలో ఈయనవీ ఉన్నాయి, ద్లుగొరాయ్‌వీ ఉన్నాయి. ఇటలీలో పుట్టి పోలండ్‌లో పెరిగిన దియొమెదెస్ కాటో కూడా అందులో ఉన్నాడు. ఆల్బమ్‌లో మాత్రం కాటోకి ఒక్క ట్రాక్! అన్యాయం.

బుక్‌లెట్ బాగుంది, డబ్బా కూడా గట్టిదే, వాటి గురించి ఇంతకంటే అక్కర్లేదు.

కొనాలా? సెట్ మొత్తం వద్దు. రెండో డిస్క్ విడిగా ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, అది కళ్లు మూసుకుని తీసుకోండి. బక్‌ఫార్క్ కోసం గదిలో రికార్డ్ చేసిన ఇంకేదైనా వెతుక్కోండి, నేనూ అదే పనిలో ఉన్నాను. కంపెనీ వాళ్లు ఈ వీడియో చూసి ఇంకోటి పంపితే మంచిదే, పంపకపోతే కొనుక్కుంటాను. ఉంటాను మరి.