కోనసీమకి ఫ్యామిలీతో వస్తున్నారా? అయితే కారు దిగి పంటు ఎక్కండి

అందరికీ నమస్కారం అండి, వెనకాల డబడబమని సౌండ్ వినపడుతోంది కదా, అది పంటు ఇంజన్, పంటంటే మనుషుల్నీ బళ్ళనీ గోదారి దాటించే పడవ, మేం ఇప్పుడు సఖినేటిపల్లి రేవులో ఉన్నాం, అదిగో అటు ఒడ్డున కనపడేది నరసాపురం, మధ్యలో ఇంత వెడల్పున పారేది వశిష్ఠ గోదారి. పోయినసారి డిండి వీడియో పెట్టాక చాలామంది ఒకటే అడిగారు, అమ్మానాన్నల్నీ పిల్లల్నీ తీసుకుని వస్తున్నాం, రిసార్ట్‌లో రూమ్ తీసుకుని ఫోటోలు దిగడం కాకుండా కోనసీమలో ఇంకేం చెయ్యాలి అని. నేను చెప్పేది ఒక్కటే అండి, ఇక్కడికి చూడ్డానికి కాదు, తినడానికీ గోదారి దాటడానికీ రండి.

ఎందుకంటే కోనసీమంటే దీవే కదా. ధవళేశ్వరం దిగువన గోదారి పాయలుగా చీలిపోయి, ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కిందకి వస్తే బంగాళాఖాతం. రావులపాలెం నించి రండి, చించినాడ నించి రండి, యానాం ఎదుర్లంక నించి రండి, గోదారి దాటకుండా మాత్రం లోపలికి రాలేరు. వంతెన మీద కారులో అయితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, పిల్లలు ఫోన్‌లోంచి తలెత్తేలోపే. పంటు అలా కాదు, రెండు పడవలు జోడించి పైన బల్లలు పరుస్తారు, దాని మీదకి బైకులు, ఆటోలు, కార్లు, చేపల బుట్టలు, స్కూలు పిల్లలు, అందరూ ఎక్కాలి, అందరూ పక్కపక్కనే నిలబడాలి. మొన్న ఇటు వచ్చేటప్పుడు పంటు మీద మా అమ్మ ఒక పెద్దావిడతో మాట కలిపింది, మీదే ఊరండి అని మొదలుపెట్టి ఇటు ఒడ్డుకి చేరేలోపు వాళ్ళ కోడలి పుట్టిల్లు మాకు చుట్టాల ఊరే అని తేలింది, ఇది మీకు ఏ రిసార్ట్‌లో దొరుకుతుంది చెప్పండి.

సరే, తిండి దగ్గరికి వద్దాం. నిన్న పొద్దున్నే అంబాజీపేట వెళ్ళాం, అదే కొబ్బరి మార్కెట్ ఊరు, అక్కడ పొట్టిక్కలు తినాలి. ఇడ్లీ పిండే, కానీ ప్లేటులో వెయ్యరు, పనసాకులు నాలుగు తీసుకుని కొబ్బరి ఈనె పుల్లలతో గుచ్చి చిన్న బుట్టలా కుడతారు, ఆ బుట్టలో పిండి పోసి ఆవిరి మీద పెడతారు. వేడివేడిగా తెచ్చి ముందు పెట్టాక ఆకు మీరే విప్పాలి, విప్పుతుంటే వేళ్ళు కాలతాయి, ఆకు ఈనెల గీతలు ఇడ్లీ మీద అచ్చు పడి ఉంటాయి, ఆ పనసాకు వాసన ఇడ్లీలోకి ఎక్కేసి ఉంటుంది. పైన కారప్పొడి, నెయ్యి, పక్కన కొబ్బరి చట్నీ. మా అక్క కొడుకు ఇంట్లో ఇడ్లీ అంటేనే మూతి తిప్పుతాడు, వాడు మూడు తిన్నాడు. ఒక మాట, పొద్దెక్కాక వెళ్తే అయిపోతాయి, తొందరగా వెళ్ళండి.

మధ్యాహ్నం పిన్ని వాళ్ళింట్లో పనసపొట్టు కూర. కాయ మీద చెక్కు తీసేసి, చేతులకి నూనె రాసుకుని, కత్తిపీట కాదండీ పెద్ద కత్తితో టకటకా కొడుతూనే ఉండాలి, నూనె రాయకపోతే జిగురు వదలదు. పిన్ని కొడుతుంటే బావ పక్కన కూర్చుని ఆవ నూరాడు. ఇక్కడ పెళ్ళి భోజనంలో ఈ కూర లేకపోతే ఊరుకోరు. పులస చేప సంగతి కూడా చెప్పేస్తా, అది వరదల టైములో, అంటే జులై నించి రెండు మూడు నెలలే, ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు సముద్రంలోంచి గోదారికి ఎదురీదుతూ వస్తుంది, పుస్తెలమ్మైనా పులస తినాలి అంటారు కదా, కాబట్టి సంక్రాంతికొచ్చి పులస ఏదీ అని అడగకండి. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం ఏడాది పొడుగునా దొరుకుతాయి, వాటికి 2023లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సొంతం అనే గుర్తింపు, అది కూడా వచ్చింది, ప్యాకెట్ కొనుక్కుని వచ్చేయకుండా బోర్లించిన కుండ మీద తడిగుడ్డ అలా లాగి రేకు తీసే ఇంటి దగ్గర ఒక పది నిమిషాలు నిలబడండి.

పి.గన్నవరం అక్విడక్ట్, అదే గోదారి పాయ మీదుగా కాలవని దాటించే వంతెన, దాని మీదుగా వస్తుంటే పిల్లలకి డొక్కా సీతమ్మ గారి గురించి చెప్పాను, ఆ పక్క లంకల గన్నవరమే ఆవిడది, ఏ వేళ వచ్చినా ఎవరొచ్చినా అన్నం పెట్టిన మనిషి, 1909లో పోయారు, ఇప్పటికీ ఇక్కడ ఆవిడ పేరు చెప్తే చేతులు జోడిస్తారు. రాష్ట్రంలో స్కూలు పిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో ఆవిడ పేరే పెట్టారు. పిన్ని వాళ్ళూర్లో దారి అడిగితే కూడా "ఆయ్, భోంచేసి వెళ్దురుగాని రండి" అంటారంటే అది ఊరికే వచ్చిన అలవాటు కాదండి.

ఇవాళ పొద్దున అంతర్వేది, లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని గోదారి సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాం, అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. అమ్మ అక్కడ చాలాసేపు ఏం మాట్లాడకుండా కూర్చుంది, చిన్నప్పుడు తాతయ్యతో భీష్మ ఏకాదశి రథానికి వచ్చిందట, ఆ తర్వాత ఇదే రావడం. పిల్లల్ని మాత్రం అక్కడ నీళ్ళలోకి దింపొద్దు, పైకి నెమ్మదిగానే కనపడుతుంది కానీ లోపల లాగేస్తుంది.

కనుమకి రాగలిగితే జగ్గన్నతోట ప్రభల తీర్థం వదలకండి. పదకొండు ఊళ్ళ నించి పదకొండు ప్రభలు, అంటే శివుణ్ణి పెట్టి ఊరేగించే ఎత్తైన చట్రాలు, వెదుళ్ళతో కట్టి రంగు బట్టలు చుట్టి, భుజాల మీద మోసుకుంటూ వస్తారు. గంగలకుర్రు ప్రభలైతే కౌశిక కాలవ దాటాలి, అశ్శరభ శరభ అని అరుస్తూ పీకల్లోతు నీళ్ళలో మోస్తారు, పచ్చటి వరిచేలు తొక్కుకుంటూ పోతాయి, రైతు ఒక్క మాట అనడు, పైగా ప్రభ తన చేలోంచి వెళ్ళాలనే కోరుకుంటాడు. నేను మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది, చెప్తుంటే ఇప్పుడూ అలాగే ఉంది.

అదిగో పంటు వచ్చేసింది, బల్ల దించుతున్నారు, ముందు అమ్మని ఎక్కించాలి, తాడు పట్టుకో అమ్మా, నెమ్మదిగా, ఉంటానండి.